మూడో అడుగు

కత్తెరగాడు ఆ కవరు మింగకుండా ఉంటే బస్సు డిపో వెనక ఎనభై గజాల స్థలం ఈపాటికి తన పేరున ఉండేది, దాని మీద రెండు గదులో మూడు గదులో లేచేవి, తన గుమ్మంలో తను కాళ్ళు చాపుకుని తన టీ తను తాగేవాడు, ఇలా ఎవరో సర్దిపెట్టిన గదిలో, మంచం అంచున, దుప్పటి నలుగుతుందేమోనని సగం బరువు మోకాళ్ళ మీద ఆపుకుని కూర్చునే గతి పట్టేది కాదు, అనుకున్నాడు అతను, అనుకుని నాలుక కరుచుకున్నాడు, గతి ఏమిటి, కూతురు కొనిచ్చిన గది ఇది, మొదటి జీతంలోంచి, మీ పెళ్ళయి పాతికేళ్ళయింది కదా నాన్నా, అమ్మా నువ్వూ ఒక్కరోజు హోటల్లో ఉండండి, నువ్వు ట్రే మోసే హోటల్ కాదు, వేరేది, ఈసారి నువ్వు కూర్చో, ఎవరో ఒకరు మోసుకొస్తారు, అని చెప్పి, వద్దంటే డబ్బు వెనక్కి రాదు అని కూడా చెప్పి నోరు మూయించిన గది, నాలుగో అంతస్తు, కిటికీ కింద చెప్పుల దుకాణం, దాని ముందు ఎవరో ఒంటికాలి మీద నిలబడి రెండో జోడు తొడుక్కుని చూసుకుంటున్నాడు, ఇంత మంచి గదిలోకి వచ్చి కూడా ముందు గుర్తొచ్చింది ఆ కత్తెర మొహమే, పంతొమ్మిదేళ్ళయినా గొంతులో ముల్లులా, మింగుడు పడడు, బయటికీ రాడు, బాత్రూములోంచి భార్య గొంతు, ఏమండీ, ఇటు తిప్పితే వేడి, అటు తిప్పితే చల్లన, నడుమ పెడితే ఏమొస్తుందో తెలుసా, తెలుసే, ఇరవై ఆరేళ్ళుగా తెలుసు, మరి నాకెప్పుడూ చెప్పలేదేం, అని నవ్వు, ఆ నవ్వు పలకల గోడలకి తగిలి రెండింతలై వస్తోంది, ఇంట్లో ఇంత పెద్దగా నవ్వదు ఈ మనిషి, పక్క వాటావాళ్ళకి వినిపిస్తుందని కొంగలా గొంతు లోపలే దాచుకుంటుంది, ఇక్కడ గోడలు మందం, నవ్వు, నవ్వు, డబ్బు కట్టేశాం, అనుకుంటూ అతను లేచి బల్ల మీద వంకరగా ఉన్న గ్లాసుని సరిచేశాడు, తువ్వాలు అంచులు కలిపాడు, పక్క దుప్పటి ఎడమ మూల మడత బాగా కుదిరింది, కుడి మూల తొందరలో వేశారు, దాన్ని లాగి సర్దాడు, సర్దాక చూసుకున్నాడు, చెయ్యి తన మాట వినకుండా పని చేసుకుపోతోంది.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చి ఆ సర్దిన పక్క మీదే, సరిగ్గా నడిమధ్యలో, దబ్బున కూర్చుంది, రెండుసార్లు ఎగిరి కూడా చూసింది, అతని మొహం చూసి, నలుగుతోందనా, నలపడానికే కదండీ మన పిల్ల డబ్బు కట్టింది, అంది, ఇక టీ చెప్పండి, ఊరందరికీ గదుల్లోకి మోశారు, అదెలా ఉంటుందో నేనొక్కసారైనా చూడొద్దా, అంటే అతను ఫోనెత్తాడు, రెండు టీలండీ, రెండు బ్రెడ్ టోస్టులు, అవును సార్, నాలుగు వందల పన్నెండు సార్, సరే సార్, థాంక్యూ సార్, పెట్టేసేసరికి ఆమె వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది, మీరన్నవి నాలుగు సార్లు, అవతల ఉన్నది ఆడమనిషి కదండీ, గొంతు నాకిక్కడికే వినిపించింది, అని మళ్ళీ నవ్వు, అతనికీ నవ్వొచ్చింది కానీ మీసం కింద అదిమిపెట్టాడు, ఆమె చేతికి ధరల అట్ట దొరికింది, కిందనుంచి పైకి చదువుకుంటూ, ఇదిగో, సర్వీసు ఛార్జీ బిల్లులోనే కలుపుతారని రాశాడు, మనం విడిగా ఏమీ ఇవ్వక్కర్లేదన్నమాట, అంది, అతను ఉలిక్కిపడ్డాడు, ఎంతమాట, ఆ ఛార్జీ ఆఫీసుకి పోతుందే, అక్కణ్ణించి కర్టెన్లవుతుంది, పూలకుండీలవుతుంది, మేనేజరు కారుకి టైరవుతుంది, ట్రే పట్టిన చేతికి మాత్రం రాదు, ఆ అట్ట చూపించి మమ్మల్ని ఉత్తచేతులతో పంపిన పెద్దమనుషులు ఎంతమందో నీకేం తెలుసు, తలుపు చప్పుడు కాగానే ఫోను చెవికి పెట్టుకుని గోడవైపు తిరిగేవాడొకడు, బాత్రూములో దూరి అక్కడ పెట్టెయ్ అని కేకేసేవాడొకడు, జేబులు బరువైపోయాయని చిల్లరంతా మా చేతుల్లో దులిపేవాడు, భుజం తట్టి శెభాష్ అనేవాడు, ఆ శెభాషులన్నీ దాచి ఉంటే ఈపాటికి మేడ కట్టేవాణ్ణి, అన్నిటికంటే ప్రమాదం చివరి రోజు చూస్తాన్లే అనేవాళ్ళు, ఇచ్చేవాడు మొదటి రోజే ఇస్తాడు, అని అంటూనే ఆగిపోయాడు, ఆ చివరి రోజు మాట నోట్లోకి రాగానే మళ్ళీ కవరు, మళ్ళీ కత్తెర, తల విదిలించి, చొక్కా జేబులోంచి యాభై నోటు తీసి నాలుగు మడతలు పెట్టాడు, మరీ చిన్న మడతైతే సిగ్గుపడి ఇచ్చినట్టు, మడతే లేకపోతే చూపించి ఇచ్చినట్టు, సాసరు కింద పెడితే దాక్కున్నట్టు, బల్ల మీద పెడితే పారేసినట్టు, చేతిలో పెట్టాలి, పెట్టేటప్పుడు చెయ్యి చూడకూడదు, మొహం చూడాలి, ఇవన్నీ పుచ్చుకునే వైపు నుంచి ఇరవై ఆరేళ్ళు నేర్చుకున్నాడు, ఇచ్చే వైపు ఇదే మొదలు, ఏదీ, నేను వెయిటర్ని, ఇవ్వండి చూద్దాం, అని ఆమె తువ్వాలు భుజాన వేసుకుని నిలబడింది, అతను ఇచ్చాడు, ఆమె పెదవి విరిచింది, అలా మొహం పెడతారేమిటండీ, పాత అప్పు తీర్చేవాడిలా, మళ్ళీ ఇవ్వండి, రెండోసారి ఇచ్చాడు, ఇప్పుడు పన్ను పీకించుకునేవాడిలా ఉన్నారు, మూడోసారికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు, నోటు నేల మీద పడింది, వంగి తీసుకుంటూ అతను అనుకున్నాడు, ఈ ఒక్కటి పద్ధతిగా జరగాలి, ఈమె ముందు, ఈమె చూస్తుండగా, దర్జాగా కూర్చుని, పుచ్చుకునేవాడు చిన్నబోకుండా, ఇచ్చానని తను విర్రవీగకుండా, ఇన్నేళ్ళలో ఒక్క టిప్పు, తను అనుకున్నట్టు.

ఎలా ఇవ్వాలో, ఎలా నిలబడాలో, అన్నీ నేర్పింది ఎవడు మరి, వాడే, ఏడో తరగతిలో బడి మానేసి తను గిన్నెల గదిలో గిన్నెలు తోముతుంటే చెయ్యి పట్టుకుని బయటికి లాగి భుజాలు నిలబెట్టినవాడు, రూమ్ సర్వీసు కెప్టెన్, ఒరేయ్, ట్రే పెట్టాక వెనక్కి మూడడుగులు వెయ్యాలి, మొదటి అడుగుకి ఆయనకి మనం గుర్తు రావాలి, రెండో అడుగుకి చెయ్యి జేబులోకి పోవాలి, మూడో అడుగుకి నోటు బయటికి రావాలి, రాకపోతే నవ్వి తలుపు వేసి వచ్చెయ్, చెయ్యి చాపొద్దు, చూపు అసలే చాపొద్దు, ఇచ్చినది మాత్రం ఎంతైనా వద్దనొద్దు, ఇచ్చినవాడి చెయ్యి చిన్నబోతుంది, ఇంత చెప్పి, వచ్చిన ప్రతి టిప్పులో సగం కోసి వంటింటి డబ్బాలో వేసేవాడు, వండినవాడికి, కడిగినవాడికి వాటా ఉండొద్దా అని, అందుకే వంటింట్లో వాడికి కత్తెర అని పేరు పడింది, ఆ వంటింట్లో పేరు పడిందంటే ఉద్యోగం వదిలినా పేరు వదలదు, మొదటి రోజు కప్పు పగలగొట్టిన మనిషి రిటైరయ్యే రోజు దాకా కప్పే, లిఫ్టులో ఇరుక్కుని ఏడ్చినవాడు వాళ్ళ మనవడికి కూడా లిఫ్టు తాతయ్యే, తను ట్రే భుజం పైకెత్తి తలెత్తుకుని నడుస్తాడని కత్తెరే దొర అని పిలిచాడు, అది నిలిచింది, ఎంత బావుండేదో ఆ పిలుపు, దొరా, రెండు వందల ఆరుకి సూపు, దొరా, మూడు వందల పన్నెండుకి ఆమ్లెట్, ఆ మూడు వందల పన్నెండు, కాలు విరిగిన పెద్దావిడ, కట్టుతో నలభై రోజులు ఆ గదిలోనే, వేళ్ళకి ఉంగరాలు, కింద కారు, కారుకి డ్రైవరు, రోజుకి నాలుగు ట్రేలు, కిటికీ తెరువు, కిటికీ మూయి, దిండు ఎత్తు పెట్టు, చక్కెర బిళ్ళలు లెక్కపెట్టి తీసుకునేది, నిన్న ఆరు, ఇవాళ అయిదే ఉన్నాయేమిటి అని అడిగేది, ఒక్క పైసా రాల్చేది కాదు, నీ సంగతి నేను మర్చిపోను, చివరి రోజు చూస్తాను అనేది, తను నమ్మాడు, నమ్మడమే కాదు, వంటింట్లో గరిటె తిప్పుతూ అందరి ముందూ చాటాడు, వెయ్యికి తగ్గదు, చూస్తూ ఉండండి, డబ్బా వాటాతో పద్నాలుగు మందికీ సినిమా, స్థలం వాడికి తన వాటా అయిదొందలూ బయానా అని మాట కూడా ఇచ్చేశాడు, చివరి రోజు తను సామాను కింద కారులో పెట్టి వచ్చేలోపు డ్రైవరు కవరు కెప్టెన్ చేతికిచ్చి వెళ్ళాడు, ఏదీ అన్నా, నా కవరు, అంటే కత్తెర కళ్ళు ఎత్తకుండా, డబ్బాలో పడిపోయిందిరా, కలిసిపోయింది, వదిలెయ్, అన్నాడు, వదిలెయ్, అంత తేలిక, ఎనభై గజాలు, ఆ మధ్యాహ్నం నుంచి మాట లేదు, మూడేళ్ళు ఒకే వంటింట్లో మాట లేకుండా, తర్వాత వాడు ఎటో వెళ్ళిపోయాడు, అంతకుముందు ఇంటికొస్తే పాపని భుజాల మీదెక్కించుకుని వీధి చివరిదాకా తిప్పుకొచ్చేవాడు, ఈమె అన్నయ్యా అనేది, అన్నయ్యని దొంగ అనకండి, నా మనసొప్పదు, అని ఈమె ఒకసారి అంటే తను రెండు రోజులు అన్నం మానేశాడు.

అప్పుడు తలుపు చప్పుడైంది, రెండు తట్టి, ఆగి, ఒకటి, అతని వీపు నిటారుగా అయిపోయింది, రెండు తట్టి ఆగి ఒకటి, లోపలివాళ్ళు బట్ట సర్దుకోవడానికి రెండు, మేం తొందరలో లేమని చెప్పడానికి ఆ ఆగడం, ఇక తీస్తారా అని మర్యాదగా ఒకటి, ఈ చప్పుడు ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, నేర్చుకున్నవాడు గది లోపలున్నాడు, అంటే నేర్పినవాడు, ఏమండీ, టీ వచ్చినట్టుంది, తీయండి, కాదు మీరు కూర్చోండి, నేను తీస్తాను, ఆగవే, ఆగు, అన్నాడు, లోపల ఎక్కణ్ణించో ఒక తీపి పొంగింది, చేదు మనుషులకి మాత్రమే తెలిసే తీపి, రానీ, పెట్టనీ, మూడడుగులూ వెయ్యనీ, మొదటి అడుగుకి నేను గుర్తొస్తాను, రెండో అడుగుకి నా చెయ్యి జేబులోకి పోతుంది, మూడో అడుగుకి ఖాళీ చెయ్యి బయటికొస్తుంది, ఆ ఖాళీ చెయ్యి చూపిస్తాను, పంతొమ్మిదేళ్ళకి సరిపోతుంది, యాభై నోటు మడత జేబు అడుక్కి తోసేశాడు, కుర్చీ సర్దుకున్నాడు, కాలు మీద కాలు వేసుకున్నాడు, బాలేదని దించాడు, మళ్ళీ వేశాడు, ఈలోపు ఆమె తలుపు తీసేసింది.

కత్తెరే, జుట్టంతా నెరిసింది, మెడ సన్నబడింది, యూనిఫాం కాలర్లో ఇంకో మెడకి చోటుంది, కెప్టెన్ కోటు కాదు, మామూలు వెయిటర్ చొక్కా, ఆమె, అన్నయ్యా, అని నోరు తెరిచి అలాగే ఉండిపోయింది, వాడు ఆమెని చూశాడు, ఆమె భుజం మీదుగా అతన్ని చూశాడు, చూసేసరికి ట్రే ఒక పక్కకి ఒరిగింది, కప్పులు సాసర్లలో గలగలలాడాయి, కెటిల్ అంచుకి జారింది, అంతే, తర్వాత ఏమైందో అతనికి తెలియదు, కాలు మీది కాలు ఎప్పుడు దిగిందో తెలియదు, మూడంగల్లో తలుపు దగ్గరున్నాడు, ఎడమ అరచెయ్యి ట్రే కింద, కుడి చెయ్యి అంచు మీద, లోపలికి రండి సార్, జాగ్రత్త, కూర్చోండి సార్, అనేశాడు, నోరే అనేసింది, కత్తెరకి మోకాళ్ళ నొప్పులు కాబోలు, లేకపోతే ముప్ఫై ఏళ్ళు కెప్టెన్‌గా బతికినవాడికి ఎదుటివాడు ట్రే అందుకుంటే చెప్పినట్టు వినడం అలవాటేమో, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, అతను ట్రే దించాడు, కప్పు పిడి కుడిచేతి వైపు తిప్పాడు, చెంచా పక్కన పెట్టాడు, ఒక్క చుక్క సాసర్లో పడకుండా టీ పోశాడు, చక్కెర ఒకటా రెండా సార్, ఒకటే, షుగరొచ్చిందిరా నాకు, అన్నాడు కత్తెర, అతను ఒక బిళ్ళ వేశాడు, నాప్‌కిన్ మడత పెట్టాడు, వెనక్కి ఒక అడుగు, రెండో అడుగు, మూడో అడుగు, చేతులు వెనక్కి కట్టుకుని, చూపు చాపకుండా, కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు, కిందెక్కడో ఆటో హారన్, ఆ తర్వాత పక్క మీంచి ఒక వింత చప్పుడు, ఆమె, ఎప్పుడు వెళ్ళి కూలబడిందో, దిండు మొహానికి అదుముకుని, భుజాలు ఎగిరెగిరి పడుతూ, దిండు తీసి ఊపిరి పీల్చి, ఏమండీ, గది మనదండీ, అనగలిగింది, మళ్ళీ దిండులోకి వెళ్ళిపోయింది, అప్పుడు తెలిసింది అతనికి తనెక్కడ నిలబడ్డాడో, చెవులు వేడెక్కాయి, కత్తెర మాత్రం నవ్వలేదు, సరిగ్గా మూడో అడుగుకి చెయ్యి జేబులో పెట్టాడు, తీశాడు, చెయ్యి చూడకుండా మొహం చూస్తూ, అతని అరచేతిలో నాలుగు మడతల నోటు పెట్టాడు.

ఇరవై, విప్పి చూసి, ఏమిటిది, వెక్కిరింపా, అన్నాడు అతను, టిప్పు కాదురా దొరా, బాకీ, అన్నాడు కత్తెర, నీ కవరు, మరి వెయ్యి ఏదీ అని అతనంటే, వెయ్యి ఎవడు చెప్పాడు నీకు, నువ్వే అనుకున్నావు, నువ్వే చాటావు, అందులో ఉన్నది ఇరవై, దాంతో ఒక చీటీ, ఆవిడ చేతిరాత, రోజుకి అర్ధరూపాయి చొప్పున నలభై రోజులకి ఇరవై, మధ్యలో నువ్వు రెండు రోజులు సెలవు పెట్టావు చూడు, అది కూడా రాసింది, పోనీలే అని తగ్గించలేదట, పెద్ద మనసురా ఆవిడది, అతనికి కోపం రాబోయి దారి తప్పింది, ఎందుకంటే చక్కెర బిళ్ళలు కళ్ళముందు కదిలాయి, నిన్న ఆరు, ఇవాళ అయిదు, ఆ గొంతు, ఆ వేలు, అబద్ధమైతే కత్తెర ఆ రెండు రోజుల సెలవు కల్పించగలడా, అది ఆవిడ బుర్రలో తప్ప ఇంకెవరి బుర్రలోనూ పుట్టదు, మరి నాకెందుకివ్వలేదు, అప్పుడే చూపిస్తే పోయేది కదా, ఎక్కడ చూపించను, నీ వెనకే పద్నాలుగు మంది సినిమాకి తలలు దువ్వుకుని నిలబడి ఉంటే, ఆ ఇరవై బయటపడి ఉంటే సాయంత్రానికి నీ పేరేమయ్యేదో తెలుసా, ఇరవై, ఇరవై, రెండు వందల ఆరుకి సూపు, ఇరవై, తలుపు తియ్యి, చచ్చేదాకా ఇరవై, నీ పిల్ల పెళ్ళిలో కూడా ఇరవై గారమ్మాయి అనేవాళ్ళు, నన్ను అప్పటికే కత్తెర అంటున్నారు, దొంగ అంటే కొత్తగా పోయేదేముంది నాకు, నిన్ను దొర అంటున్నారు, నీకు పోయేది ఉంది, అని వాడు టీ ఒక గుక్క తాగాడు, ఆ తర్వాత చెబుదామని మూడుసార్లు నీ దగ్గరికి వచ్చాన్రా, మూడుసార్లూ నువ్వు మొహం తిప్పుకుని తుడిచిన ట్రేనే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నావు, నాకూ ఒళ్ళు మండింది, పోరా అనుకున్నాను, ఇద్దరం మొండిమొహాలమే, కెప్టెన్ పనికి ఇప్పుడు కంప్యూటరు వచ్చింది, ట్రే మోయడానికి మాత్రం ఇంకా మనిషే కావాలట, అందుకని ఇలా, ఆమె దిండు వదిలేసి కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వో ఏడుపో ఆమెకే తెలియదు, నేనప్పుడే చెప్పాను, అన్నయ్య అలాంటివాడు కాదని, రెండు రోజులు అన్నం మానేశారు ఈయన, అంది, మానేశాడా, అయితే లెక్క సరిపోయిందమ్మా, ఆవిడ తగ్గించని రెండు రోజులకి ఇవి చెల్లు, అన్నాడు కత్తెర, ఇక అతని పొట్టలోంచి ఏదో తన్నుకొచ్చింది, దగ్గనుకున్నాడు, నవ్వు, మంచం నడిమధ్యలో, నలుగుతుందన్న ధ్యాసే లేకుండా, కూలబడి, రోజుకి అర, రోజుకి అర, నలభై రోజులు దిండ్లు ఎత్తినందుకు, అంటూ నవ్వాడు, కిటికీ తెరిచినందుకు పావు, మూసినందుకు పావు, అన్నాడు కత్తెర, ముగ్గురూ నవ్వారు, మందం గోడలు, డబ్బు కట్టేశారు.

ఉన్నవి రెండు కప్పులే, ఆమె నీళ్ళ గ్లాసులో టీ పోసుకుంది, టోస్టు మూడు ముక్కలు చేసింది, పాప ఎలా ఉంది, ఉద్యోగమా, ఈ గది తనే కొనిచ్చిందా, నా మెడ మీదెక్కి జుట్టు పీకేది, ఇప్పుడు వస్తే పీకడానికేముంది, ఇలా కాసేపు, అవతల ఫోన్లు మోగుతాయని కత్తెర లేచాడు, మోకాళ్ళు పట్టుకుని, ట్రే ఎత్తుకుని తలుపుదాకా వెళ్ళాడు, అప్పుడు అతను జేబు అడుగునుంచి యాభై తీశాడు, తీసేటప్పుడు ఏమీ అనుకోలేదు, మడత చూసుకోలేదు, మొహం ఎలా పెట్టాలో గుర్తే రాలేదు, అన్నా, అన్నాడు, పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆ మాట నోట్లో కొత్తగా, వేడిగా ఉంది, చేతిలో పెట్టాడు, కత్తెర వద్దనలేదు, వద్దనకూడదు, వాడు నేర్పిందే, నోటు జేబులో వేసుకుని తలాడించాడు, ఆమె వెనకనుంచి, ఇప్పుడు కుదిరిందండీ, అంది, ఆదివారం అన్నయ్య ఇంటికొస్తున్నాడు కూడా, నేను చెప్పేశాను, తలుపు సగం మూసుకున్నాక మళ్ళీ తెరుచుకుంది, ఆ నెరిసిన తల లోపలికి వచ్చింది, ఒరేయ్ దొరా, ఆ ఇరవై మొత్తం జేబులో వేసుకున్నావేంట్రా, సగం వంటింటిది కదా, ఆ సగం అప్పుడే నా జేబులోంచి డబ్బాలో వేశాను, పది ఇటు తే, అన్నాడు, అరచెయ్యి చాపి, జీవితంలో మొదటిసారి చెయ్యి చాపి, కళ్ళలో దొంగనవ్వు, అతను వెతికి పది నోటు తీసి ఆ చేతిలో పెట్టాడు, తలుపు మెత్తగా పడింది, అడుగులు వరండాలో దూరమయ్యాయి, కుంటుతూ, కానీ ట్రే కచ్చితంగా భుజం పైనే ఉండుంటుంది, అతను నలిగిన పక్క మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూశాడు, బస్సు డిపో వెనక స్థలం తనది ఎప్పుడూ కాలేదు కాబట్టి పోనూ లేదు, వెయ్యి ఎవరూ ఇవ్వలేదు కాబట్టి ఎవరూ తినలేదు, ఇన్నేళ్ళు రాత్రీ పగలూ మోసిన ట్రే మూత ఎత్తి చూస్తే అందులో ఇంతేనా ఉంది, వంటింటి వాటా తీసేస్తే కత్తెర దగ్గర తను పోగొట్టుకున్నది, రోజుకి పావు చొప్పున, నలభై రోజులకి, సరిగ్గా పది.